నక్షాలో లేని పన్నెండు నిమిషాలు

పందొమ్మిది చుట్లు తిరిగాక వాల్వు మొరాయించింది. చిన్నరాములు వాల్వు తిప్పే ఇనుప తాళం అడ్డకమ్మీ మీద రెండు చేతులూ ఆనించి, తల వంచి విన్నాడు. గొట్టంలో గాలి ముందు గురక పెట్టింది. తరవాత దగ్గింది. ఆ తరవాత నీళ్ళు నడిచాయి. ఇంకో అరచుట్టు తిప్పి వదిలేశాడు. తెల్లవారుజాము నాలుగూ పది.

గుమ్మడికుంటలో నీళ్ళు వదలడం అతనికి ఇరవై రెండేళ్ళ పని. ఈ రోజుతో ఆఖరు. అరవై ఒకటి నిండాయి.

పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది, ఆ తాళం మోసి మోసి. మెడలో ఎర్ర తువ్వాలు, చెవి వెనక సగం కాల్చిన బీడీ. ట్యాంకు ఉన్న గుట్ట మీద నిలబడితే ఊరంతా కనిపిస్తుంది. కింద దీపాలు ఎక్కడెక్కడ వెలుగుతున్నాయో చూస్తే ఎవరు ఏ షిఫ్టుకు పోతున్నారో అతను చెప్పేయగలడు.

గుట్ట చుట్టూ పాత ఊరు. రాతి నేల, దున్నడానికి పనికిరాదు కాబట్టి తాతలు అక్కడ ఇళ్ళు కట్టుకుని, మెత్తటి నేల పంటకు వదిలారు. ఆ పంట నేల మీద నలభై ఏళ్ళ కింద కంపెనీ కాలనీ లేచింది. కోస్తా నుంచి పెద్ద ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు ప్లాట్లు కొనుక్కుని, అటుకుల దగ్గర్నుంచి ఆవకాయ దాకా తమ ఊరి పద్ధతినే పెట్టుకున్నారు. దాని పక్కన కొత్త వెంచర్. ఆర్చి పెద్దది, ఇళ్ళు నాలుగు. అన్నిటికంటే కింద, బొల్లారం ఫ్యాక్టరీల వైపు పోయే నాలా ఒడ్డున, పెంటయ్య రూములు.

మున్సిపాలిటీ కాయితాల్లో ఈ ఊరికి పదకొండు వాల్వులు. నేల మీద పన్నెండు.

పన్నెండోది పెంటయ్య రూములకు పోయేది. పెంటయ్య తన మడి అమ్మకుండా వరసగా నలభై గదులు కట్టి కిరాయికి ఇచ్చాడు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు నిండిపోయారు. అక్కడ బోరు వేస్తే నీళ్ళు పసుపుపచ్చగా, మందుబిళ్ళ వాసనతో వచ్చాయి. పన్నెండేళ్ళ కింద ఒక ఎండాకాలం అప్పటి సర్పంచ్, "గొట్టం వేసెయ్ రాములూ, తీర్మానం తర్వాత రాసుకుందాం" అన్నాడు. రాములు గొట్టం వేశాడు. సర్పంచ్ మారాడు. ఊరు మున్సిపాలిటీలో కలిసింది. తీర్మానం ఎవరూ రాయలేదు.

నాలుగూ నలభైకి అతను ఆ వాల్వు దగ్గరకు వచ్చాడు. నలభై తలుపుల ముందు డ్రమ్ములు, బిందెలు, రంగు డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి. అయిదూ ఇరవైకి కంపెనీ బస్సు. అంతకు ముందే అన్నీ నిండాలి. మోకాళ్ళ మీద కూర్చుని వాల్వు తిప్పాడు. పన్నెండు నిమిషాలు. కట్టేశాడు. ఇదే ఆఖరని ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి దేవమ్మ నట్టింట్లో నక్షా పరిచి, నాలుగు మూలలా నాలుగు చెంచాలు పెట్టి కూర్చుంది. నాలుగు క్యాలెండర్ కాయితాలు వెనక వైపు తిప్పి అంటించిన నక్షా అది. మున్సిపాలిటీ ఇంజనీరమ్మ రమ్యశ్రీ అడిగింది. "వాల్వులన్నీ మీ తలలోనే ఉన్నాయి రాములు గారూ, పోయేముందు కాయితం మీద పెట్టి పోండి" అంది. రాములుకు అక్షరాలు రావు. మూడు రోజులుగా అతను గీస్తున్నాడు. సాయంత్రం బడిలో మూడేళ్ళ కింద చదువు నేర్చుకున్న దేవమ్మ పేర్లు రాస్తోంది. ఆమె అక్షరాలు గుండ్రంగా, బరువుగా, పొయ్యి మీద గిన్నెల్లా కూర్చుంటాయి.

ట్యాంకుకు కడవ బొమ్మ. ట్రాన్స్‌ఫార్మర్‌కు పుర్రె. కంపెనీ కాలనీకి టిఫిన్ డబ్బా. వెంచర్‌కు ఉత్త ఆర్చి. ప్రతి వాల్వు పక్కనా ఎన్ని నిమిషాలు వదలాలో అన్ని నిలువు గీతలు.

"గిదేంది? కుక్కనా, పిల్లినా?" అంది దేవమ్మ.

"కుక్క. మూడో గల్లీ తెల్లకుక్క. వాల్వు మూత మీదనే పండుకుంటది. రెండుసార్లు కరిచింది నన్ను. కొత్తాయనకు తెల్వాలె గద."

"కుక్కకు జాగ ఇచ్చినవ్. నలభై ఇండ్లకు ఇయ్యవా?"

నక్షా అడుగున, నాలా పక్కన, అరచెయ్యంత తావు తెల్లగా ఉంది. రాములు చాయ్ గ్లాసులోకి చూశాడు.

"పెడితే మేడం సూస్తది. సూస్తే కోస్తరు. పోయిన వారమే అటు వార్డుల రెండు కనెక్షన్లు కోసి బిరడాలు కొట్టిండ్రు."

"పెట్టకపోతే?"

"రేపటి సంది ఎవ్వరు తిప్పరు."

"కొత్తాయనకు చెవుల ఒక మాట ఎయ్యరాదు?"

"అడిగిన. ఏజెన్సీ మనిషి. కాయితంల ఉంటెనే తిప్పుతడంట."

దేవమ్మ చెంచాలు ఒక్కొక్కటే తీసింది. "సాయంత్రం అయిదింటికి మన బస్సు. అంతలోపల ఏదో ఒకటి తేల్చు. నువ్వు ఆడికి వచ్చి మూతి ముడుసుకొని కూసుంటే మాత్రం నేను ఊకోను. ఇరవై రెండేండ్ల సంది నన్ను ఒక్క రాత్రి మా తల్లిగారింట్ల పండుకోనియ్యలే నువ్వు."

అది నిజమే. తెల్లారి నీళ్ళు వదలాలి కాబట్టి పెళ్ళిళ్ళకు పోయినా చీకటి పడకముందే తిరిగి వచ్చేవాళ్ళు. దేవమ్మ పుట్టిల్లు సింగూరు డ్యామ్ పక్కన. గుమ్మడికుంట ట్యాంకులోకి వచ్చే నీళ్ళు అక్కడివే. రాములు ఇన్నేళ్ళూ ఆ నీళ్ళను గొట్టంలో విన్నాడు గానీ డ్యామ్‌లో నిండుగా ఉండగా చూడలేదు.

పదకొండింటికి రమ్యశ్రీ స్కూటీ మీద వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. గొడుగంత టోపీ, భుజాన ఫైలు సంచి. ఆమె నాన్నది కాకినాడ వైపు. తను మాత్రం ఇక్కడి ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లోనే పుట్టి పెరిగింది. నక్షా చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"భలే ఉందండీ! సరే, మీరిక్కడే ఉండండి. నేనొక్కదాన్నే దీన్ని పట్టుకుని తిరుగుతా. మీరు లేకుండా ఎవరైనా చదవగలిగితేనే కదా అది మ్యాపు."

రాములు చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు. ఆమె ఊరి మొదటి వాల్వు, అంటే ట్యాంకు పక్కది, చూడడానికి బయల్దేరింది. కానీ గుట్ట వైపు కాకుండా సరిగ్గా ఎదురు దిక్కుకు పోయింది. మేడంకు వేరే పనేదో ఉందనుకున్నాడు.

పావుగంట తరవాత ఫోను మోగింది. కంపెనీ కాలనీ పద్మావతి గారు.

"రాములు గారూ! మా వీధిలో గోదావరి పారుతోందండీ! ఎవరో అమ్మాయొచ్చి మూత తీసి ఏదో తిప్పేసింది. నా వడియాలు! రెండు చీరల మీద పెట్టుకున్నాను, ఒక్కటీ మిగల్లేదు!"

రాములు పరుగెత్తాడు. నాలుగు నెలలకోసారి బురద కడగడానికి తప్ప ఎప్పుడూ తెరవని తొమ్మిదో వాల్వు అది. నీళ్ళు మోకాలెత్తు ఎగిరి రోడ్డు మీద పడుతున్నాయి. గుమ్మడి వడియాలు కాగితం పడవల్లా మురిక్కాలవ వైపు పోతున్నాయి. మధ్యలో రమ్యశ్రీ, టోపీ లేకుండా, నక్షాను మాత్రం తడవనీకుండా తలకంటే ఎత్తుగా పట్టుకుని నిలబడి ఉంది.

రాములు వాల్వు కట్టేశాడు.

"ఇది ఒకటో వాల్వే కదండీ?" అంది ఆమె, ముఖం మీద నీళ్ళు తుడుచుకుంటూ. "మీ బొమ్మలో అన్నిటికంటే పైన ఉంది. పైన అంటే ఉత్తరం. నేను ఉత్తరానికే వచ్చాను."

"పైన అంటే ట్యాంకు మేడం. నీళ్ళు పైనుంచే గద వచ్చేది. గుట్ట దక్షిణం దిక్కున్నది."

"మ్యాపులో ఎప్పుడూ పైన ఉత్తరమే ఉండాలండీ. ప్రపంచమంతా అంతే."

అది రాములుకు నిజంగానే వింతగా తోచింది.

"ఉత్తరం దిక్కు తలపెట్టి పండుకోవద్దంటరు గద మేడం. మరి కాయితానికి ఎట్ల పెట్టిండ్రు?"

పద్మావతి గారు కోపం మరిచిపోయి ఫక్కున నవ్వారు. "బాగా అడిగాడమ్మాయ్, చెప్పు మరి! మా అత్తగారైతే ఆ మ్యాపును ఇంట్లోకే రానిచ్చేవారు కాదు."

పద్మావతి గారి వరండాలో నక్షా మళ్ళీ పరిచారు. ఈసారి ట్యాంకు నిజంగా ఎటుందో అటు తిప్పి. తిప్పగానే రమ్యశ్రీకి ఊరు కనిపించింది. పక్కన తన ఆఫీసు నక్షా కూడా పెట్టి, వేలితో రెండిటినీ ఒకేసారి తడుముతూ పోయింది. ఒక చోట ఆగింది.

"కాలనీ ఇంత చిన్నగా, మూడో గల్లీ ఇంత పొడుగ్గా గీశారేంటి? నిజానికి గల్లీ అందులో సగం కూడా ఉండదు."

"కాలనీల నీళ్ళు ఉరుకుతయ్ మేడం. గల్లీల ఎత్తు ఎక్కాలె, మెల్లగ పోతయ్. ఒక జానెడు గీత అంటే నీళ్ళు చేరేటందుకు అయిదు నిమిషాలు."

"అంటే మీ స్కేలు నిమిషాలు!" ఆమెకు ఉత్సాహం వచ్చింది. నిలువు గీతలన్నీ లెక్కపెట్టి ఫోనులో కూడింది. "నూట ఇరవై ఎనిమిది నిమిషాలు. మీరు ఎన్నింటికి మొదలుపెట్టి ఎన్నింటికి ముగిస్తారు?"

"నాలుగు పదికి మొదలు. ఆరున్నరకు బంద్."

అనేశాక గాని తనే లెక్క బయటపెట్టానని అతనికి తెలియలేదు.

"అది నూట నలభై కదా. పన్నెండు నిమిషాలు ఎటు పోయాయి?"

రాములు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. రమ్యశ్రీ అతని వైపు చూడలేదు, నక్షానే చూస్తోంది. కుక్క ఉంది, పుర్రె ఉంది, నాలుగిళ్ళ వెంచర్ ఆర్చి కూడా ఉంది. నాలా పక్కన మాత్రం ఏమీ లేదు. తన ఆఫీసు కాయితం వైపు చూసింది. అక్కడా నాలా పక్కన ఏమీ లేదు. 'ఖాళీ భూమి' అని రాసి ఉంది.

"రెండు కాయితాలూ ఒకే దగ్గర ఖాళీగా ఉన్నాయేంటి రాములు గారూ?"

పద్మావతి గారు చప్పుడు కాకుండా లేచి, మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళారు.

రాములు ఇరవై రెండేళ్ళలో ఆఫీసు వాళ్ళకు అబద్ధం చెప్పలేదు. అడగనిది చెప్పలేదు, అంతే. ఇప్పుడు అడిగారు.

"రాండ్రి మేడం," అన్నాడు.

రూముల దగ్గర మధ్యాహ్నపు ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. మూడో గది ముందు సుభద్ర అనే ఒడియా ఆమె బియ్యం ఏరుతోంది. రాములును చూసి గాభరాగా లేచింది. "చాచా, ఇప్పుడు పానీ టైం కాదు కదా?"

"కాదు బిడ్డా. మేడం ఊకెనే వచ్చింది."

పది అడుగుల గది. రెండు మంచాలు. వాటి మీద ఇద్దరు, కింద చాపల మీద నలుగురు నిద్రపోతున్నారు. తీగ మీద మూడు రంగుల కంపెనీ చొక్కాలు.

"ఈ గదిలో ఎంతమంది ఉంటారు?" అని అడిగింది రమ్యశ్రీ.

"ఎప్పుడు మేడం?" అంది సుభద్ర.

"ఎప్పుడూ అంటే... ఉండేది ఎంతమంది?"

సుభద్ర వేళ్ళు మడిచింది. "ఇప్పుడు ఆరుగురు. సాయంత్రం వచ్చి అడిగితే వేరే ఆరుగురు. వాళ్ళు లేస్తే ఇంకా ఆరుగురు. నాది పక్క రూము. అందులో ఫ్యామిలీ, అయిదుగురే."

"మంచాలు సల్లగయ్యేదే ఉండదు మేడం," అన్నాడు రాములు. "ఒకరు లేస్తే ఒకరు. మొన్న ఎవరో లెక్క రాసుకునేటందుకు వస్తే ఆరు అని రాసుకొని పోయిండ్రు. ఆ రాసిన ఆరుగురు మర్నాడు సూస్తే ఎవ్వరు లేరు."

రమ్యశ్రీ వరస చివరి దాకా నడిచింది. గదులు లెక్కపెట్టింది. నిండిన డ్రమ్ముల మీద కప్పిన గుడ్డలు చూసింది. ఒక గది ముందు చిన్నపిల్ల రెండు గ్లాసుల నీళ్ళతో స్నానమాడుతూ, ఒక చుక్క కూడా బయట పడకుండా పళ్ళెంలో నిలబడి ఉంది. ఆమె తిరిగి వచ్చి వాల్వు మూత పక్కన నిలబడింది.

"ఇది నేను చూడకుండా ఉండాల్సింది."

"నేను గూడ సూపియ్యొద్దనే అనుకున్న మేడం."

"ఇలాంటివి కనపడితే కోయమనే మాకు రూలు."

రాములు తల ఊపాడు. చెవి వెనక బీడీ తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "కోసుడైతే కోయుండ్రి. కాని జెర అయిదు దాటనియ్యుండ్రి. మా బస్సు అయిదింటికి. నేను ఊర్ల ఉండంగ వద్దు."

ఆమె సంచిలోంచి ఫారం తీసి, ఎండలో కళ్ళు చికిలించి, మొదట్నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ చదివింది.

"రాములు గారూ, ఈ ఫారంలో నన్ను వాల్వు ఎక్కడుంది, ఎంత లోతు, ఎన్ని నిమిషాలు అని అడిగారు. ఎవరు వేయమన్నారు అని అడిగే గడి లేదు."

"లేదా?"

"వెతికాను. లేదు." ఆమె ముఖం మీద తడిసిన జుట్టు ఎండిపోయి గడ్డిలా లేచింది. "ఒకసారి నక్షాలో ఎక్కిందంటే ఊరికే కోయడం కుదరదు. నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వాలంటే ఇంటి నంబరు కావాలి. నంబరు ఇవ్వాలంటే ఇక్కడ మనుషులున్నారని ముందు ఆఫీసు ఒప్పుకోవాలి. ఈలోగా పెంటయ్య గారితో దరఖాస్తు పెట్టిస్తా. అది తేలేసరికి నాకే ట్రాన్స్‌ఫర్ అవుతుందేమో."

రాములుకు అందులో సగమే అర్థమైంది. ఆ సగం చాలు.

"గీయండి," అంది ఆమె పెన్సిలు ఇస్తూ. "మీ నక్షా కదా, మీరే గీయాలి. తల ఎటు పెట్టుకుంటారో మీ ఇష్టం."

అతను నేల మీద గొంతుక్కూర్చున్నాడు. పాత ఊరికి కడవ గీసినవాడు, కాలనీకి టిఫిన్ డబ్బా గీసినవాడు, ఇక్కడ ఏం గీయాలో తెలియక చాలాసేపు ఆగాడు. సుభద్ర బియ్యం చాట పట్టుకుని భుజం మీదుగా తొంగి చూస్తోంది. చివరికి అతను ఒక మంచం గీశాడు. మంచం మీద పక్కపక్కన మూడు తలలు. దాని కింద పన్నెండు నిలువు గీతలు, ఒక్కొక్కటే, గట్టిగా ఒత్తి.

"మంచం మీద ముగ్గురా!" అని సుభద్ర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "చాచా, మా ఆయన చూస్తే నాకు తన్నులే!"

రమ్యశ్రీ పక్కన పన్నెండు అని అంకె వేసి, కింద సంతకం చేసి, తేదీ రాసింది.

సాయంత్రం బస్టాపుకు పద్మావతి గారు ఒక పొట్లం పట్టుకుని వచ్చారు. "భయపడకండి, తడిసినవి కాదు. పోయినేడాది వడియాలు," అన్నారు. ఆఫీసు వాళ్ళు శాలువా కప్పుతామన్నారు గానీ శాలువా తేవడానికి పోయినవాడు రాలేదు. రాములు తాళం ఆఫీసు బల్ల మీద పెట్టి, వేలిముద్ర వేసి వచ్చేశాడు. సంగారెడ్డి బస్సు అయిదుకు బదులు అయిదూ పదికి వచ్చింది.

దేవమ్మ కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్‌ను దర్జాగా మడిచి జాకెట్‌లో దోపుకుంది.

"ఏం చేసినవ్? పెట్టినవా, లేదా?"

"పెట్టిన."

"కోస్తరంటనా?"

"కోసేటందుకు శానా కాయితాలు కావాల్నంట."

దేవమ్మ అతని ముఖంలోకి చూసింది. మూతి ముడుచుకుని లేడు. పొట్లం విప్పి, వేయించని వడియం ఒకటి విరిచి అతని చేతిలో పెట్టింది.

"రేపు నాలుగింటికే లేస్తవ్ నువ్వు. నాకు తెల్వదా!"

"లేస్త. లేచి ఏం జెయ్యాల్నో తెల్వదు."

"కట్ట మీదికి పోయి కూసో. ఇన్నేండ్లు నువ్వు తిప్పితే వచ్చినయ్ నీళ్ళు. రేపు అవే వస్తయ్, నువ్వు ఉత్తగ సూడు."

బస్సు ఆర్చి దాటింది. రాములు కిటికీలోంచి గుట్ట కోసం మెడ సాచాడు. అప్పటికే ఒక కంపెనీ బస్సు అడ్డం వచ్చింది.

మర్నాడు చీకటి విడవకముందే ఏజెన్సీ మనిషి సూర్యారావు, నక్షా ఒక చేత్తో, టార్చి ఒక చేత్తో పట్టుకుని, తాళం చంకన ఇరికించుకుని, మంచం బొమ్మ ఉన్న చోటికి వచ్చాడు. తలుపుల ముందు డ్రమ్ములు బారులు తీరి ఉన్నాయి. ఎవరూ మాట్లాడడం లేదు. సుభద్ర గడప మీద నిలబడి అతని చేతులనే చూస్తోంది. అతను మూత ఎత్తాడు. వాల్వు మిగతావాటికంటే లోతుగా ఉంది, నిలబడి తిప్పడం కుదరదు. వంగి తాళం దింపాడు, అందలేదు. టార్చి లోపలికి తిప్పి చూశాడు.

ఇటుకల అంచు మీద, తడి తగలకుండా, నాలుగు మడతలు వేసిన గోనెసంచి ఒకటి ఉంది. దాని మీద రెండు మోకాళ్ళ గుంటలు, పక్కపక్కనే.